తెల్వదన్న సాక్ష్యం

కోర్టు గేటుకు ఎదురుగా, జిరాక్స్ షాపు అరుగు మీద నాకొక టేబులు, ఒక కంప్యూటరు ఉన్నాయి. ఇరవై రెండేళ్ళుగా అక్కడే కూర్చుని టైపు కొడుతున్నాను. మొదట్లో మిషను, ఇప్పుడు కీబోర్డు. వేళ్ళు మాత్రం అవే, నొప్పీ అదే. లోపలికి పోయే కాగితాల్లో సగం ముందు నా టేబులు మీదికి రావాల్సిందే. విడాకుల పిటిషన్లకైతే నా దగ్గర తయారు నమూనా ఉంటుంది. పేర్లూ తేదీలూ మార్చి, "మనస్పర్థల కారణంగా" అన్న ముక్కను అలాగే ఉంచేస్తాను. ఎవరి మనసులో ఏం స్పర్థ ఉందో నాకెందుకు? అడిగితే గంటసేపు ఏడుస్తారు. వెనక నలుగురు నిలబడి ఉంటారు. నాగలతకు నోరెక్కువ, జాలి తక్కువ అని ఇక్కడ నాకు పేరు. ఆ పేరుతో నాకేం ఇబ్బంది లేదు, పని తొందరగా తెములుతుంది.

రామక్క సంగతి చెప్పడానికి ముందు నా సంగతి ఇంత చెప్పక తప్పదు. ఆమె కేసులో జరిగిన తప్పులో సగం నాది.

ఆమె మొదటిసారి వచ్చింది రెండేళ్ళ కిందటి ఎండాకాలం. పినపాక దాటి అడవిలోకి పోతే వచ్చే చిన్న గూడెం వాళ్ళది. తునికాకు కోత రోజులు, కట్టలు కట్టీ కట్టీ వేళ్ళు నల్లబడి ఉన్నాయి. నలభై లోపే ఉంటుంది వయసు. సన్నగా, గట్టిగా ఉంటుంది మనిషి. మాట అడిగితే ముందు నేల చూసి, ఆ తర్వాత జవాబు చెబుతుంది. ఆ నేల చూపుకే నాకు సగం ఓపిక పోయింది.

"పేరు?"

"రామక్క."

"మొగని పేరు?"

"ముత్యాలు. సచ్చిపోయిండు. బడిల పిల్లలకు వండేటోడు."

ప్లాస్టిక్ కవర్లోంచి ఆధార్ కార్డు తీసి ఇచ్చింది. అందులో రామక్క, భర్త బొజ్జయ్య అని ఉంది.

"మరి గీ బొజ్జయ్య ఎవరు?"

ఆమె నల్లటి వేలు ఆ పేరు మీద పెట్టి, తుడిచేసినట్టు పక్కకు జరిపింది. "నోటితో చెప్పు తల్లీ, నాకు వేళ్ళ భాష రాదు," అన్నాను. అయినా చెప్పలేదు. పాతకాలం ఆడవాళ్ళు మొగుడి పేరు నోటితో అనరు గదా, ఇదీ అదే బాపతు సిగ్గనుకుని విసుక్కున్నాను. అంతకు నిమిషం ముందే ముత్యాలు పేరు ఆమె చక్కగా చెప్పింది. ఆ తేడా నా బుర్రకు తట్టలేదు.

ఆమె గొడవ ఇది. రామక్కకు మొదట బొజ్జయ్యతో పెళ్ళయింది. ఏడేళ్ళు కాపురం చేశారు. పదకొండేళ్ళ కిందట గూడెం పెద్దల ముందు ఇద్దరూ తెగతెంపులు చేసుకున్నారు. ఏడాది తిరిగాక ఆశ్రమ పాఠశాలలో వంటమనిషిగా చేసే ముత్యాలు ఆమెను చేసుకున్నాడు. పిల్లలు లేరు. అయినా తొమ్మిదేళ్ళు బాగా బతికారు. ఆ ముందటి వానాకాలం ముత్యాలు జ్వరంతో చనిపోయాడు. సర్కారు ఉద్యోగం కాబట్టి అతని భార్యకు అదే వంటింట్లో పని ఇస్తారు. రామక్క దరఖాస్తు పెట్టుకుంది. ఆఫీసులో ఆధార్ కార్డు చూసి, "నువ్వు బొజ్జయ్య భార్యవని రాసి ఉంది, ముత్యాలు భార్యవెట్లా అవుతావు? విడాకుల కాగితం తే," అన్నారు. ఆ కాగితం వస్తేనే ఆమె ముత్యాలు పెళ్ళాం. లేకపోతే తొమ్మిదేళ్ళు అతని ఇంట్లో ఊరికే ఉన్న ఆడమనిషి. ఉద్యోగమూ రాదు, పెళ్ళాం అన్న మాటా రాదు.

ఎవరో వకీలు మామూలు విడాకుల పిటిషను వేస్తే, ఎస్టీలకు హిందూ వివాహ చట్టం వర్తించదని వెనక్కి వచ్చింది. అప్పుడు ఆమె మోతీలాల్ సారును వెతుక్కుంటూ వచ్చింది. మోతీలాల్ సారు చండ్రుగొండ పక్క తండా మనిషి. ఆ తండాలో మొదటి వకీలు. కోపం ముక్కు మీద ఉంటుంది గానీ, పనిలో మోసం ఉండదు.

సారు ఆమెకు విడమరిచి చెప్పాడు. "సూడు రామక్కా, ఇప్పుడు కోర్టు విడాకులు ఇచ్చినా నీకు అక్కరకు రావు. ఇయ్యాల ఇస్తే, ఇయ్యాల్టి దాంక నువ్వు ఆ బొజ్జయ్య పెండ్లానివే అన్నట్టు. ముత్యాలుతోని నీ పెండ్లి చెల్లదు. పదకొండేండ్ల కిందనే మీ ఆచారం ప్రకారం తెగిపోయిందని కోర్టు అనాలె. గట్ల దావా ఏద్దాం. తెగినట్టు సాక్ష్యం ఉన్నదా?"

"ఆకు తెగిందయ్యా," అంది రామక్క. "దూలయ్య తాత ముందల."

వాళ్ళ గూడెంలో కట్టు అది. పక్క గూడెంలో లేదట. ఇద్దరూ చెరో కొస పట్టుకుని ఆకు చించాలి, పెద్దలు చూడాలి. చింపిన ముక్కలు వాగులో వదిలేయాలి. అంతే, కాపురం అయిపోయినట్టు. ఆనాడు చూసిన ముగ్గురు పెద్దల్లో ఇద్దరు పోయారు. దూలయ్య ఒక్కడే మిగిలాడు. ఎనభై ఏళ్ళ మనిషి, ఒక చెవి వినబడదు. కేసంతా ఆ ముసలాయన నోటి మీద ఆధారపడి ఉంది.

"ఎందుకు తెంపుకున్నరు?" అని నేనడిగాను, దావాలో కారణం రాయాలి గదా.

రామక్క నేల చూసింది. ఎంతసేపు చూసినా జవాబు రాలేదు. నాకు ఒళ్ళు మండి "మనస్పర్థల కారణంగా" అని కొట్టేశాను. అసలు కారణమేమిటో ఈ రోజుకీ నాకు తెలియదు.

దావా పడింది. ప్రభుత్వాన్నీ, బొజ్జయ్యనూ ప్రతివాదులను చేశారు. బొజ్జయ్య ఇప్పుడు మరో ఊళ్ళో, మరో ఆమెతో కాపురం ఉంటున్నాడు. సమను పట్టుకుని కోర్టు మనిషి పోతే, "రామక్కనా? ఎవరామె? నాకు తెల్వదు," అని తలుపు వేసుకున్నాడట. ఆ ముక్కే వెనక రాసి తెచ్చారు. "ఏడేండ్లు కాపురం చేసి తెల్వదంటడా, సిగ్గులేనోడు!" అని నేను నా టేబులు దగ్గర కూర్చుని వాడిని నానా తిట్లూ తిట్టాను. రామక్క పక్కనే ఉంది. కోపం తెచ్చుకోలేదు, బాధపడనూ లేదు. తల ఊపింది, అంతే. సమను వాడి తలుపుకు అంటించి వచ్చారు. వాడు రాలేదు. వాడి వరకు ఎక్స్‌పార్టీ అయింది, అంటే వాడు లేకుండానే కేసు నడుస్తుంది.

ఆ తర్వాత వాయిదాలు మొదలయ్యాయి. రామక్క తెల్లారకముందే గూడెం నుంచి నడిచి, రోడ్డు మీద ఆటో పట్టుకుని, బస్సు మారి పదింటికల్లా వచ్చేది. సాయంత్రం నాలుగింటికి "వచ్చే నెల పద్దెనిమిది" అనే మాట వినిపించుకుని తిరిగి పోయేది. ఒకసారి ప్రభుత్వ ప్లీడరు రాలేదు. ఒకసారి జడ్జి గారు సెలవు. ఒకసారి వకీళ్ళ బహిష్కరణ. ఒకసారి ఎందుకు వాయిదా పడిందో ఎవరికీ తెలియదు. వచ్చిన ప్రతిసారీ నా అరుగు కింద కూర్చునేది, ఎందుకంటే కోర్టు బెంచీల మీద కూర్చోవడానికి ఆమెకు మొహమాటం. మిర్చి కోతల రోజుల్లో ఆమె కూలీ పోతుందని తెలిసినా నేను, "ఈసారైనా ఫోన్ చేసి రా తల్లీ, కాళ్ళు అరగ్గొట్టుకుంటవెందుకు?" అని కసిరేదాన్ని. "ఫోన్ల ఏం దెలుస్తదమ్మా, వస్తనే తెలుస్తది," అనేది. నిజమే. ఫోన్లో మేం చెప్పేదాంట్లో సగం అబద్ధమే ఉండేది.

ఏడాది తిరిగాక సాక్ష్యాల దశకు వచ్చింది. సాక్షి చెప్పేది ముందుగా అఫిడవిట్ రాసి ఇవ్వాలి. దూలయ్యను పిలిపించారు. ముసలాయన కర్ర ఊతంగా నడుచుకుంటూ వచ్చి నా టేబులు ముందు కూర్చున్నాడు. నేను అప్పటికే అంతా కొట్టి ఉంచాను. "నా సమక్షంలో రామక్క, బొజ్జయ్యలు ఆచారం ప్రకారం ఆకు చించుకుని విడిపోయినారు" అని రెండు పేజీలు. ఆ రోజు రద్దీ. ఆయనకు ఒక చెవి వినబడదు. అరిచి చదవాలంటే అరగంట పడుతుంది. "తాతా, వేలు పెట్టు," అన్నాను. పెట్టాడు. కింద "చదివి వినిపించగా విని, సరియని ఒప్పుకొని వేలిముద్ర వేసినాడు" అన్న వాక్యం నమూనాలో ఎప్పుడూ ఉంటుంది. అదీ ఉంది. చదివి వినిపించింది మాత్రం లేదు.

వారం తర్వాత క్రాస్ ఎగ్జామినేషన్. నేను టైపు చేసిన కాగితమే గదా, ఎట్లా నిలుస్తుందో చూద్దామని టేబులు వదిలి లోపలికి పోయి వెనక నిలబడ్డాను. జడ్జి గారు కొత్తగా వచ్చిన మేడమ్. వయసు తక్కువైనా ఓపికగా వింటుందని పేరు. ప్రభుత్వ ప్లీడరు లేచి దూలయ్యను అడిగాడు.

"రామక్క, బొజ్జయ్య ఆలుమగలని నీకు తెలుసా?"

"తెల్వదు."

"వాళ్ళకు పెండ్లయినట్టు తెలుసా?"

"తెల్వదు."

"పోనీ, విడిపోయినట్టన్నా తెలుసా?"

"నాకేం తెల్వదు," అన్నాడు దూలయ్య, కోర్టంతా వినబడేట్టు గట్టిగా.

"ఈ అఫిడవిట్ నీదేనా?"

"ఏలు నాదే."

"లోపల ఏం రాసిందో తెలుసా?"

"తెల్వదు."

ఆ ఆఖరి జవాబు నాకు తగిలింది. తలుపు దగ్గరే నాలుక కరుచుకుని నిలబడిపోయాను. రామక్కను బోనెక్కించి, "బొజ్జయ్యను ఎరుగుదువా?" అని అడిగితే, ఆమె కూడా నేల చూసి, "ఎరుగ," అంది. జడ్జి గారు కాసేపు కలం ఆపి ఆ ఇద్దరినీ చూసింది. అన్నదంతా రికార్డయింది. వాది తరఫు సాక్షే ఏమీ తెలియదన్నాడు, వాది కూడా మొదటి భర్తను ఎరగనంది. ఇంక కేసులో మిగిలిందేమీ లేదని నాకే అర్థమైపోయింది.

బయటికి రాగానే మోతీలాల్ సారు అగ్గి మీద గుగ్గిలమయ్యాడు. ఫైలు నా టేబులు మీద విసిరికొట్టాడు. "ఏండ్లకేండ్లు తిరిగి తిరిగి గిదేనా చెప్పేది? ముసలోడికి ఎవడన్న తాగబోసిండా? నువ్వేం రాసినవ్, నాగలతా? వినిపించినవా లేదా?"

నాకు నోరెక్కువని చెప్పాను గదా. ఆ రోజు చెదిరిన ఫైలు కాగితాలు ఏరుకుంటూ కూర్చున్నాను.

అప్పుడు వచ్చింది రామక్క. ఆమె ముఖం చూసి నాకు మతి పోయింది. నవ్వుతోంది. ఏడాదిలో నేను ఆమె పళ్ళు చూడడం అదే. చెంగు ముడి విప్పి, పక్క బండి మీద నుంచి అందరికీ మిరపకాయ బజ్జీలు తెచ్చింది. సారుకు, నాకు, దూలయ్య తాతకు, జిరాక్స్ షాపులో వాళ్ళకు కూడా.

"అయిపోయింది గదా సారూ," అంది. "ఇంగ కాగితం ఎన్నడిస్తరు?"

సారు ఆమె వైపు పిచ్చిదాన్ని చూసినట్టు చూసి, బజ్జీ ముట్టకుండా వెళ్ళిపోయాడు. నేను ఆమె మీద విరుచుకుపడ్డాను. "ఏం అయిపోయింది? కొంప మునిగింది! తాత తెల్వదన్నడు, నువ్వు ఎరగనంటివి. దావా పోయినట్టే. ఎందుకు నవ్వుతున్నవే?"

రామక్క నవ్వు ఆగింది గానీ నా మాట ఆమెకు అర్థం కాలేదు. "సరిగ్గనే చెప్పిండు గదమ్మా తాత. గంత మందిల, జడ్జమ్మ ముందల, మూడుసార్లు తెల్వదన్నడు. మా గూడెంల గూడ గంత గట్టిగ ఎన్నడు అనలే."

నేను దూలయ్య మంచి చెవి పక్కకు పోయి కూర్చున్నాను. "తాతా, పేర్లు వద్దు. ఎవరి సంగతీ వద్దు. మీ గూడెంల ఎవరిదన్న ఆకు తెగితే, తర్వాత పెద్దమనిషిని వాళ్ళ గురించి అడిగితే ఏం చెప్తడు?"

"తెల్వదంటడు," అన్నాడు తాత, ఇందులో అడగడానికేముందన్నట్టు. "తెలుసు అంటే మళ్ళ ఇద్దర్ని ఒక్కకాడ కూసోబెట్టినట్టు గాదా? తెగినోళ్ళ పేర్లు జోడు కట్టి పలకొద్దు. వాళ్ళు పలకొద్దు, మేము పలకొద్దు. పెద్దమనిషి తెల్వదన్నడంటే తెగింది అన్నట్టు. తెగకుంటే ఎందుకు తెల్వదంట? ఊళ్ళె ఎవరి కాపురం ఎవరికి తెల్వదు?"

బజ్జీ నా చేతిలోనే చల్లారిపోయింది. ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. సమను తెచ్చిన మనిషితో బొజ్జయ్య తెల్వదన్నాడు. వాడిని ఎంత తిట్టానో, వాడు కట్టు తప్పలేదు. ఆధార్ మీద రామక్క వేలు జరిపింది, నోరు విప్పలేదు. నేను దాన్ని మొగుడి పేరు పలకని సిగ్గనుకున్నాను. మొగుడి పేరైతే ఆమె చక్కగా పలికింది. పదేళ్ళుగా కార్డు మార్పించుకోకపోవడానికి కారణం కూడా అదే. మీసేవలో కూర్చుని ఆ రెండు పేర్లూ కలిపి చెప్పాల్సి వస్తుంది.

ఆ అఫిడవిట్ నేను చదివి వినిపించి ఉంటే, రెండు పేర్లు ఒక్కచోట రాసినట్టు తెలిసి, ముసలాయన వేలు పెట్టేవాడే కాదు. అక్కడే ఆగి ఇంకో దారి చూసుకునేవాళ్ళం. అరగంట మిగుల్చుకుందామనుకున్నాను. ఆ అరగంట రామక్క మీద ఇంకో ఏడాది పడింది. ఈ మాట ఆమెతో అన్నాను కూడా. "నా వల్లనే," అన్నాను. "నీకేం దెలుసమ్మా, నువ్వు మా గూడెం గాదు గదా," అంది. తిట్టి ఉంటే బాగుండేది.

మోతీలాల్ సారు ఇంటికి ఆ సాయంత్రమే పోయి అంతా చెప్పాను. ఆయన విని నవ్వాడు, ఏడుపు లాంటి నవ్వు. "కోర్టుల తెల్వదంటే తెల్వదే. గూడెంల తెల్వదంటే తెలిసినట్టు. జడ్జి మేడమ్‌కు గిది నేనెట్ల చెప్పాలె? నేను చెప్తే సాక్ష్యం గాదు. తాత చెప్పాలె. తాత చెప్పడు."

"పేర్లు లేకుండ అడిగితే చెప్తడు సారూ. నాకు చెప్పిండు," అన్నాను.

సాక్షిని మళ్ళీ పిలవాలని పిటిషను వేశారు. అది నేనే కొట్టాను. ఈసారి నమూనా ముట్టుకోలేదు. ప్రభుత్వ ప్లీడరు అభ్యంతరం పెట్టాడు. ఒకసారి ఏమీ తెలియదన్న సాక్షికి బయట పాఠం చెప్పి తెస్తున్నారన్నాడు. ఆ వాదనకు నాలుగు నెలలు పట్టింది. ఆ నాలుగు నెలల్లో ఆఫీసు నుంచి రామక్కకు రెండు నోటీసులొచ్చాయి, కాగితం ఇవ్వకపోతే దరఖాస్తు మూసేస్తామని. రెండూ నా దగ్గరికే తెచ్చింది. చదివి చెబితే, మడిచి కవర్లో పెట్టుకుంది. ఆ మధ్య దూలయ్యకు దగ్గు పట్టుకుందని తెలిసి నాకు అన్నం సయించలేదు. పోయిన వాళ్ళు పోగా మిగిలింది ఆయనొక్కడే. దేవుళ్ళకు పెద్దగా మొక్కే అలవాటు లేని దాన్ని, ఆ ముసలాయన వాయిదా దాకా బతకాలని మొక్కుకున్నాను.

బతికాడు. పిటిషను ఒప్పుకున్నారు. మంచి చెవి జడ్జి గారి వైపు ఉండేట్టు బోనులో కుర్చీ వేసి కూర్చోబెట్టారు. మోతీలాల్ సారు లేచి మొదలుపెట్టగానే ప్లీడరు, "ఆయన నోట్లో మాట పెడుతున్నారు," అని లేచాడు. జడ్జి గారు చెయ్యెత్తి ఇద్దరినీ కూర్చోమంది. "నేనే అడుగుతాను," అంది. గొంతు పెంచి, మెల్లగా అడిగింది.

"తాతగారూ, నేను ఎవరి పేరూ చెప్పను. మీ గూడెంలో ఆలుమగలు విడిపోవాలంటే ఏం చేస్తారు?"

"ఆకు చింపుతరమ్మా. పెద్దలం సూస్తం. వాగుల ఇడుస్తం."

"మీరట్లా ఎన్నిసార్లు చూశారు?"

"నా ఎరుకల నాలుగుసార్లు."

"తర్వాత ఎవరన్నా వచ్చి, వాళ్ళ గురించి మిమ్మల్ని అడిగితే ఏమంటారు?"

"తెల్వదంటం."

"కలిసి కాపురం చేసుకుంటున్న వాళ్ళ గురించి అడిగితే?"

"తెలుసంటం. దాపుడెందుకు?"

జడ్జి గారు పాత రికార్డు తిరగేసింది. "పోయినసారి ఈ కోర్టులో ఇద్దరి గురించి అడిగితే మీరు తెల్వదన్నారు."

"అన్న."

"ఎందుకన్నారు?"

దూలయ్య రెండు చేతులూ జోడించాడు. నోరు తెరవలేదు. జడ్జి గారు మళ్ళీ అడగలేదు. ఆయన చేతులు దించేదాకా ఆగి, "సాక్షి చేతులు జోడించి మౌనంగా ఉన్నాడు" అని చెప్పి రాయించింది. ఆ ఒక్క వాక్యం విని, ఇరవై రెండేళ్ళలో మొదటిసారి టైపు చేయబుద్ధయింది నాకు. కానీ అది కోర్టు టైపిస్టు పని.

తీర్పు ఇంకో మూడు వాయిదాలకు వచ్చింది. ఆ గూడెం ఆచారం ప్రకారం రామక్కకు మొదటి పెళ్ళి పదమూడేళ్ళ కిందటే తెగిపోయిందని, ఆమె ముత్యాలుకు చట్టబద్ధమైన భార్య అని డిక్రీ ఇచ్చారు. సర్టిఫైడ్ కాపీ చేతికి రావడానికి మరో నెల పట్టింది. అందులో స్టాంపులు తక్కువయ్యాయని ఒకసారి, ఒక పేజీ నకలు సరిగా పడలేదని ఒకసారి తిప్పి పంపారు. అప్పటికి మోతీలాల్ సారుకూ నాకూ సంతోషించే ఓపిక మిగల్లేదు. "తీస్కపో తల్లీ," అన్నాడు సారు. అంతే అన్నాడు.

కాపీ తీసుకుని రామక్క నా టేబులు దగ్గరికి వచ్చింది. ఆఫీసుకు ఇవ్వాల్సిన ఆఖరి దరఖాస్తు కొట్టాలి.

"ముందు ఇది చదువమ్మా," అంది.

చదివాను. ఈసారి ఒక్క ముక్క వదల్లేదు. తొమ్మిది పేజీలు. ప్రతి పేజీలో రామక్క, బొజ్జయ్య, రామక్క, బొజ్జయ్య అని పక్కపక్కనే ఉన్నాయి. ఆ రెండు పేర్లూ కలిసి వినబడినప్పుడల్లా ఆమె ముఖం ముడుచుకుంది. నేను ఆపబోతే, "సదువు, పర్లే," అంది. అయ్యాక, "గీ కాగితం ఎప్పటికీ ఉంచుకోవాల్నా?" అని అడిగింది. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ ఉంచుకోవాలన్నాను. ఆమె నిట్టూర్చి కవర్లో పెట్టుకుంది.

దరఖాస్తు కొట్టడం మొదలుపెట్టాను. పేరు రామక్క. భర్త పేరు, కీర్తిశేషులు ముత్యాలు. అలవాటు ప్రకారం వేళ్ళు పరిగెత్తుతున్నాయి. రామక్క స్క్రీను వైపు వంగింది.

"గిది మా ముత్యాలు పేరేనా?"

"అవ్."

"ఒక మాట అంట అమ్మా, కోపం జెయ్యకు."

"అను."

"రెండున్నరేండ్ల సంది మీరందరు నన్ను ఆ మనిషి గురించే అడిగిన్రు. ఆఫీసుల అదే అడిగిన్రు, సారు అదే అడిగిండు, నువ్వు అడిగినవ్. నోట రావద్దన్న పేరే పొద్దుందాంక అడిగిన్రు. మా ముత్యాలు గురించి ఒక్కలన్న అడగలేదేందమ్మా? సచ్చిపోయింది ఆయన గదా?"

నా చేతులు ఆగిపోయాయి. దావాలో ముత్యాలు ఉన్నది ఒక్క వాక్యంలో. "అనారోగ్య కారణంగా మరణించినాడు." అదీ నమూనాలోదే. సిగ్గుతో చచ్చిపోయాననిపించింది. వెనక ఇద్దరు కాగితాలు పట్టుకుని నిలబడి ఉన్నారు. వాళ్ళను ఆగమన్నాను.

"ఇప్పుడు అడుగుతున్న," అన్నాను. "ఎట్ల పోయిండు?"

రామక్క ఈసారి నేల చూడలేదు. "మూడు దినాల జరం. పొయ్యి కాడికి పోకు అంటే ఇనలే. పిల్లలు పస్తుంటరు అన్నడు. నాలుగో దినం పప్పు ఉడుకుతుంటె పొయ్యి కాడనే పడిండు. ఆటోల ఏసుకొని దవాఖానాకు తీస్కపోతున్న. తల నా ఒళ్ళె ఉన్నది. తొవ్వల కండ్లు తెరిసిండు. 'పప్పుల ఉప్పెయ్యలే, జల్దీ పోయి ఎయ్యి' అన్నడు. గంతే, ఇంగ మాట్లాడలే. నేనెట్ల పోత అమ్మా, ఆయన తల ఇడిసిపెట్టి? పిల్లలు ఆ దినం సప్పటి పప్పే తిన్నరంట."

చెప్పి, చెంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. భుజాలు ఎగిరెగిరిపడేట్టు ఏడ్చింది. ఇన్నేళ్ళలో ఆమె కళ్ళలో నీళ్ళు చూడడం నాకదే మొదటిసారి. మొగుడు పోయిన మనిషికి ఏడ్చే సందు కూడా ఇవ్వకుండా తిప్పాం మేమంతా. నేను లేచి ఆమె పక్కన అరుగు మీద కూర్చున్నాను. వెనక నిలబడ్డవాళ్ళను రేపు రమ్మని పంపించేశాను.